డాలీ పార్టన్ పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరసలో వినాలి

లాంగ్ వీకెండ్ వస్తే చాలు, అట్లాంటా నుంచీ షార్లెట్ నుంచీ మన తెలుగువాళ్ల కార్లు టెనెసీ రాష్ట్రంలోని స్మోకీ మౌంటెన్స్ దారి పడతాయి. గాట్లిన్‌బర్గ్‌లో కేబిన్, డిక్కీ నిండా పులిహోర డబ్బాలు, పిల్లల కోసం ఒకరోజు డాలీ పార్టన్ పేరు మీదున్న డాలీవుడ్ పార్కు. నేనుండేది నాక్స్‌విల్‌లో కాబట్టి దారిలో మా ఇంట్లో ఆగి భోంచేసి వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. అప్పుడు తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటి: "ఇంతకీ ఈ డాలీ ఎవరండీ? సినిమా యాక్టరా, సింగరా?" పార్కు నిండా సీతాకోకచిలుకలు, ఫొటోల్లో బంగారు రంగు విగ్గు, తళుకుల గౌను, పొడుగాటి గోళ్లు. ఇవి చూసి ఆమె గురించి ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు, రోలర్ కోస్టర్లు ఎక్కి దిగి, అదే అభిప్రాయంతో ఇంటికెళ్లిపోతారు. నాకు మనసు ఒప్పదు. అంత గొప్ప పాటలు రాసిన మనిషి ఊరికి వచ్చి, ఆమె పాట ఒక్కటైనా సరిగ్గా వినకుండా వెళ్లడమేమిటి?

అడిగినవాళ్లకు వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపినవన్నీ ఒకచోట చేర్చి ఇది రాస్తున్నాను. ట్రిప్‌కు వచ్చేవాళ్లకే కాదు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని, అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతం అంటే ఏమిటో చూద్దామనుకునేవాళ్లకూ పనికొస్తుంది. ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువు: డాలీ పార్టన్ ముందు పాటలు రాసే మనిషి. గాయని, నటి, పార్కు యజమాని అన్నీ ఆ తర్వాతే.

ముందు రచయిత పేరు చూడండి

మనం సినిమా పాటలతో పెరిగినవాళ్లం. ఒకరు రాస్తారు, ఒకరు బాణీ కడతారు, ఇంకొకరు పాడతారు. అందుకే గొంతు నచ్చిందా లేదా అని చూస్తాం, ఆ పాటలో చెప్పిన బతుకు ఎవరిదని అడగం. కంట్రీ పాట దగ్గర మాత్రం అడగాల్సిందే. యాప్‌లో పాట పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ కనిపిస్తాయి. రాసింది డాలీయేనా, ఇంకెవరైనానా అని చూసి అప్పుడు ప్లే నొక్కండి. కొన్నాళ్లకు పేరు చూడకుండానే తేడా తెలిసిపోతుంది.

దీని వెనక డబ్బు సంగతి కూడా ఉంది. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాయల్టీ రచయితకూ, ఆ పాట హక్కులున్న పబ్లిషర్‌కూ వెళ్తుంది. పాడినవాళ్లకు పైసా రాదు. ఈ లెక్క డాలీకి చాలా చిన్న వయసులోనే అర్థమైంది. 1966లోనే, అంటే ఇంకా పేరు రాకముందే, మేనమామ బిల్ ఓవెన్స్‌తో కలిసి ఓ-పార్ అనే పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకుంది. ఆ పేరులో సగం ఓవెన్స్‌ది, సగం పార్టన్‌ది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఆమె కెరీర్‌లో తర్వాత జరిగిన పెద్ద మలుపులన్నీ ఈ ఒక్క తెలివిడి చుట్టూనే తిరుగుతాయి.

ఇంకో చిన్న ఏర్పాటు: మొదటిసారి వినేటప్పుడు సాహిత్యం కళ్లముందు పెట్టుకోండి. తూర్పు టెనెసీ కొండల యాస మన చెవికి కొత్త. మాటలు సాగుతాయి, చివరి అక్షరాలు మింగేస్తారు. ఇక్కడ ఇన్నేళ్లుగా ఉంటున్న నాకే ఊళ్లలో పెద్దవాళ్లు మాట్లాడితే ఒక్కోసారి రెండోసారి చెప్పమనాల్సి వస్తుంది. ఈ పాటల్లో కథ తప్పిపోతే మిగిలేది సగమే.

మొదటి ఆల్బమ్: ఆమె ఊరు

అందరూ 'జోలీన్'తో మొదలుపెడతారు. నేను వద్దంటాను. 1973లో వచ్చిన 'మై టెనెసీ మౌంటెన్ హోమ్' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. పాటలన్నీ ఆమె రాసినవే. అట్టమీద ఉన్న పాత చెక్క ఇల్లు సెవియర్ కౌంటీలోని లోకస్ట్ రిడ్జ్‌లో ఆమె చిన్నతనం గడిచిన ఇల్లు.

మొదటి ట్రాక్ పాట కాదు, ఉత్తరం. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వెళ్లిన కొత్తలో ఇంటికి రాసిన ఉత్తరాన్ని డాలీ చదువుతుంది. ఇల్లు వదిలి చదువుకో ఉద్యోగానికో దూరం వెళ్లిన ఎవరికైనా అది సూటిగా తగులుతుంది. బెంగగా ఉందని చెబుతూనే, నా గురించి దిగులు పడొద్దని ధైర్యం చెప్పడం మనందరం ఫోన్లలో చేసిన పనే.

తర్వాత 'డాక్టర్ రాబర్ట్ ఎఫ్. థామస్' పాట దగ్గర కాసేపు ఆగండి. ఆయన ఈ కొండల్లో వైద్యం చేసిన నిజమైన డాక్టరు. 1946 జనవరి 19న డాలీకి పురుడు పోసింది ఆయనే. ఫీజుకు డబ్బుల్లేక తండ్రి ఒక సంచి మొక్కజొన్న పిండి ఇచ్చాడు. పన్నెండుమంది పిల్లల్లో ఆమె నాలుగోది. తండ్రి రాబర్ట్ లీ పార్టన్ మొదట కౌలు రైతు, తర్వాత సొంతంగా కొద్దిపాటి పొగాకు సాగు. ఆయనకు చదవడం, రాయడం రాదు. తల్లి ఎవీ లీ పాత జానపద గాథలు పాడేది. స్కాట్లండ్, ఐర్లండ్, ఇంగ్లండ్‌ల నుంచి ఈ కొండలకు వలస వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్న పాటలవి. తల్లి తండ్రి జేక్ ఓవెన్స్ పెంతెకొస్తు సంఘంలో బోధకుడు. పాట ఒక పక్క ఇంట్లోంచి, మరో పక్క చర్చిలోంచి వచ్చింది.

ఇదే ఆల్బమ్‌లో 'ఇన్ ద గుడ్ ఓల్డ్ డేస్' కూడా ఉంది. 1968లో మొదట విడుదల చేసిన పాటను ఇక్కడ మళ్లీ పాడింది. పేదరికాన్ని అందంగా చూపించి కన్నీళ్లు పెట్టించే పాటలు ఏ భాషలోనైనా బోలెడు. ఈ పాట అలా చెయ్యదు. వడగళ్లకు పోయిన పంట, జబ్బుతో పడుకున్న తల్లి, డాక్టరును పిలిచే స్తోమత లేని ఇల్లు వరసగా చెప్పి, ఆ జ్ఞాపకాలను ఎంత డబ్బిచ్చినా అమ్మను, ఎంత డబ్బిచ్చినా మళ్లీ ఆ బతుకు బతకను అంటుంది. రెండూ నిజమే. ఆ రెండూ ఒకే ఊపిరిలో చెప్పగలగడం వల్లనే ఆమె పెద్ద రచయిత్రి అని నా నమ్మకం.

ఆ ఆల్బమ్ అయ్యాక 1971 నాటి 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' వినండి. పాట కోసం ప్రశాంతంగా ఒక సాయంత్రం కేటాయించినా తప్పులేదు. చలికాలం వస్తోంది, పిల్లకు కోటు లేదు. ఎవరో ఇచ్చిన గుడ్డపీలికల పెట్టెలోంచి తల్లి రంగురంగుల ముక్కలు ఏరి కోటు కుడుతూ యోసేపు కథ చెబుతుంది. మన తెలుగు బైబిల్లో యాకోబు కొడుక్కి కుట్టించిన 'విచిత్రమైన నిలువుటంగీ' ఉంటుందే, ఆ కథ. పిల్ల ఆ కోటు వేసుకుని గర్వంగా బడికెళ్తుంది. అక్కడ అందరూ నవ్వుతారు. వాళ్లెందుకు నవ్వుతున్నారో ఆ పిల్లకు అర్థం కాదు. ప్రతి కుట్టులోనూ అమ్మ ప్రేముందని వాళ్లకు చెప్పి చూస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ పాటలో ఏడుపు గొంతు ఎక్కడా లేదు. ఎగతాళి చేసినచోట కూడా డాలీ గొంతు పెంచదు. చిన్నపిల్ల తన సంగతి వివరించి చెబుతున్నట్టే పాడుతుంది. మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒక్కో చరణం ఆపి, అర్థం చెప్పి వినిపించాను. పాత చీరలతో మా అందరికీ బొంతలు కుట్టిన మనిషి. మొత్తం విని ఒక్కటే అడిగింది: "ఆ కోటు ఇప్పుడెక్కడుందే?" డాలీవుడ్ మ్యూజియంలో పెట్టింది నమూనా మాత్రమేనని చెబితే చాలాసేపు ఉసూరుమంటూనే ఉంది.

ఈ పాట పుట్టింది 1969లో, టూర్ బస్సులో. చేతిలో కాగితం లేక, అప్పట్లో తను పనిచేసే టీవీ షో నడిపే గాయకుడు పోర్టర్ వాగనర్ సూట్ల తాలూకు డ్రైక్లీనింగ్ రసీదు వెనక రాసేసింది. పాట హిట్టయ్యాక పోర్టర్ ఆ రసీదుకు ఫ్రేమ్ కట్టించాడు. 2011లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ రికార్డింగును జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

చీకటి పాటలు వదిలేయకండి

కంట్రీ అంటే గుర్రాలు, టోపీలు, హుషారు అనుకునేవాళ్లు ఈ రెండు పాటలు వినాలి. 1968 నాటి 'ద బ్రిడ్జ్', 1970 నాటి 'డౌన్ ఫ్రమ్ డోవర్'. రెండింటిలోనూ ప్రేమించినవాడు వదిలేసి వెళ్లిన గర్భవతి కథే. రెండోదాంట్లో ఆ అమ్మాయి అతను వస్తాడని నెలలు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఇంట్లోవాళ్లు దూరం పెడతారు, బిడ్డ దక్కదు. అప్పటి రేడియోవాళ్లకు ఈ కథ మింగుడుపడలేదు. డాలీ మాత్రం దాన్ని వదల్లేదు, 2001లో మళ్లీ రికార్డు చేసింది. మొదటిదైతే పాట మధ్యలోనే ఠక్కున ఆగిపోతుంది. యాప్ పాడైందేమో అనుకోకండి. ఆ ఆగడమే కథ. పిల్లలు వెనక సీట్లో ఉన్నప్పుడు ఈ రెండూ పెట్టకపోవడం మంచిది.

ఇక్కడే వాద్యాల మీద కూడా చెవి పెట్టండి. పెడల్ స్టీల్ గిటార్‌ను ఒళ్లో పట్టుకుని వాయించరు. స్టాండు మీద పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ, కాలితో పెడళ్లు తొక్కుతూ వాయిస్తారు. స్వరం ఒకచోటి నుంచి మరోచోటికి జారుకుంటూ వెళ్తుంది. గమకాలకు అలవాటుపడ్డ మన చెవికి ఇది వెంటనే పట్టుబడుతుంది. పిడేలు, బాంజోల సంగతి తర్వాత ఆల్బమ్‌ల దగ్గర చెబుతాను.

నాష్‌విల్ సంవత్సరాలు

పదేళ్లకే డాలీ మా నాక్స్‌విల్‌లో క్యాస్ వాకర్ అనే కిరాణా దుకాణాల యజమాని నడిపే రేడియో, టీవీ షోల్లో పాడేది. పదమూడేళ్లకు లూసియానాలోని గోల్డ్‌బ్యాండ్ కంపెనీలో మొదటి రికార్డు, అదే వయసులో నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే పేరున్న కంట్రీ సంగీత షో వేదిక. 1964లో హైస్కూల్ పూర్తయింది. మర్నాడే నాష్‌విల్ బస్సెక్కింది. దిగిన మొదటి రోజే విషీ వాషీ అనే లాండ్రీ షాపు బయట కార్ల్ డీన్ పరిచయమయ్యాడు. 1966లో జార్జియాలోని రింగోల్డ్‌లో పెళ్లి చేసుకున్నారు. రోడ్లకు తారు వేయించే వ్యాపారం ఆయనది. జీవితమంతా కెమెరాలకు దూరంగానే ఉండి, 2025 మార్చిలో కన్నుమూశాడు.

ఈ దశలో వినాల్సిన జంట ఒకటుంది. 1967 నాటి 'డంబ్ బ్లాండ్' వినండి, క్రెడిట్స్‌లో కర్లీ పుట్‌మన్ పేరుంటుంది. పాట సరదాగానే ఉంటుంది. వెంటనే 1968 నాటి 'జస్ట్ బికాజ్ ఐయామ్ ఎ వుమన్' పెట్టండి. అది డాలీ రాసింది. మగవాడి గతానికి ఒక కొలత, ఆడదాని గతానికి ఇంకో కొలత ఎందుకని నిలదీసే పాట. నేను చెప్పిన తేడా మొదటిసారి స్పష్టంగా తెలిసేది ఇక్కడే.

1967లో పోర్టర్ వాగనర్ టీవీ షోలో చేరింది. అంతకుముందు ఆ స్థానంలో నార్మా జీన్ అనే గాయని ఉండేది. కొత్తలో ప్రేక్షకులు డాలీ పాడుతుంటే నార్మా జీన్ కావాలని అరిచేవారట. పోర్టర్ ఆమెను నిలబెట్టడానికి తనతో కలిపి యుగళగీతాలు పాడించాడు. ఆ షో పాత వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. ఒకటి రెండు చూడండి. పోర్టర్ తళుకుల సూటు, పక్కన ఇరవై రెండేళ్ల డాలీ. పాటకంటే ఆమె కళ్లను చూడండి. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదని తెలిసిపోతుంది. 1971లో 'జాషువా'తో సోలోగా మొదటిసారి కంట్రీ చార్టులో నంబర్ వన్‌కు చేరింది.

'జోలీన్': వినడం, వాయించడం

ఇప్పుడు 'జోలీన్' వినండి. 1973 చివర్లో వచ్చి, 1974లో నంబర్ వన్ అయింది. బ్యాంకులో పనిచేసే ఎర్రజుట్టు అమ్మాయి ఒకామె కార్ల్ డీన్‌తో కాస్త చనువుగా ఉండటం దీనికి మూలమని డాలీయే చెప్పింది. జోలీన్ అన్న పేరు మాత్రం ఆటోగ్రాఫ్ కోసం వచ్చిన ఓ చిన్న పాపది. ఆ పేరు మరిచిపోకుండా ఉండటానికి పదే పదే అనుకుంటూ వెళ్లిందట. పల్లవిలో అది వరసగా నాలుగుసార్లు వస్తుంది.

పాటలో భర్త ఎలా ఉంటాడో ఒక్క మాట ఉండదు. వర్ణనంతా ఎదుటి ఆడదానిదే: జుట్టు, చర్మం, కళ్లు, నవ్వు, గొంతు. తిట్టు లేదు, శాపం లేదు. నీ అందం ముందు నేను నిలవలేను, కానీ దయచేసి నావాణ్ణి తీసుకోకు అని బతిమాలడమే. పల్లెటూరి పాటల్లో సవతి పోరు మనకూ కొత్త కాదు. కానీ పోటీకొచ్చిన ఆడదాన్ని ఇంత నిజాయితీగా మెచ్చుకున్న పాట నేను వేరే వినలేదు.

గిటార్ నేర్చుకునేవాళ్లకు ఇది మంచి పాట. కాపోను (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పును) నాలుగో ఫ్రెట్ మీద పెట్టండి. ఏ మైనర్, సి, జి, మళ్లీ ఏ మైనర్. పాటలో ఎక్కువ భాగం ఈ వరసతోనే నడిచిపోతుంది. కష్టమంతా కుడిచేతిది. బొటనవేలు కింది స్థాయి తీగల మీద ఒకటి మార్చి ఒకటి మీటుతూ ఆగకుండా నడవాలి. చూపుడువేలు, మధ్యవేలు సన్నతీగల మీద ఆ నడకల మధ్య ఖాళీల్లో పడాలి. మొదట ఏ మైనర్ ఒక్కటే పట్టుకుని, బొటనవేలి నడక మీ ప్రమేయం లేకుండా సాగేదాకా చెయ్యండి. అప్పుడు వేళ్లు కలపండి. రికార్డింగు వేగం నిమిషానికి సుమారు 110 దరువులు. మెట్రోనోమ్ 70 దగ్గర పెట్టి, తడబాటు పోయాక అయిదు చొప్పున పెంచుకుంటూ పోండి. పాడుతూ వాయించడం చివర్లో. పాట మొదలుపెట్టగానే బొటనవేలు ఆగిపోతుంది, అందరికీ అంతే, టెన్షన్ పడక్కర్లేదు. మాటల బదులు పల్లవి బాణీని కూనిరాగంగా తీస్తూ చేస్తే త్వరగా కుదురుతుంది.

ఒకే పాట మూడుసార్లు

'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' మీకు విట్నీ హ్యూస్టన్ గొంతులో తెలిసే ఉంటుంది. దాన్ని కాసేపు పక్కనపెట్టండి.

1973 నాటికి డాలీ పోర్టర్ షో వదలాలనుకుంది. అతను ఒప్పుకోలేదు, రోజూ వాదనలే. మాటలతో కానిది పాటతో చెబుదామని ఇంటికెళ్లి ఈ పాట రాసింది. మర్నాడు ఉదయం అతని ఆఫీసుకెళ్లి ఎదురుగా కూర్చుని పాడింది. అతను ఏడ్చి, వెళ్లనిచ్చాడని ఆమె ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పింది. అంటే ఇది ప్రేమికుల పాట కాదు. ఒక ఉద్యోగిని తన పెద్దకు చెప్పిన వీడ్కోలు. ఇది తెలిశాక 1974 రికార్డింగు వినండి. గొంతు చాలా మెల్లగా ఉంటుంది. చివరి చరణం పాడదు, మాటల్లో చెబుతుంది. మీకు మేలు జరగాలి, మీరు కోరుకున్నవన్నీ దక్కాలి అని దీవించే చోటు అది. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి చెబుతున్నట్టే ఉంటుంది.

అది 1974లో కంట్రీ నంబర్ వన్. 1982లో ఒక సినిమా కోసం మళ్లీ పాడితే మళ్లీ నంబర్ వన్. రెండోసారి వాద్యాలు నిండుగా, గొంతు పెద్దగా ఉంటుంది. నాకు మొదటిదే ఇష్టం. మూడోది 1992 నాటి విట్నీది, 'ద బాడీగార్డ్' సినిమాలోది. అమెరికా పాప్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఈ మూడూ వరసగా వింటే ఒకే సాహిత్యం ఎంత దూరం ప్రయాణం చెయ్యగలదో అర్థమవుతుంది.

ఈ మధ్యలో జరిగింది ఇంకోటుంది. ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడాలనుకున్నాడు. డాలీ ఆనందానికి హద్దుల్లేవు. రికార్డింగుకు ముందు ఎల్విస్ మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ ఫోన్ చేసి, పబ్లిషింగ్ హక్కుల్లో సగం ఇవ్వాలి, ఎల్విస్ పాడే ప్రతి పాటకూ మా పద్ధతి ఇదే అన్నాడు. ఆమె ఇవ్వనంది. రాత్రంతా ఏడ్చానని చెప్పింది, కానీ ఇవ్వలేదు. విట్నీ పాట అమెరికా రేడియోల్లో మోగినప్పుడల్లా రాయల్టీ ఎవరికి వెళ్లిందో పైన చెప్పిన లెక్క ప్రకారం మీరే చూసుకోవచ్చు. ఆ డబ్బులో కొంతతో నాష్‌విల్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే పేటలో భవనాలు కొన్నానని 2021లో ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఆడపిల్లలకు ఈ ఒక్క సంఘటనైనా కథలా చెప్పండి.

పోర్టర్‌తో బంధం మాత్రం అంత మెత్తగా ముగియలేదు. 1979లో అతను 30 లక్షల డాలర్లకు కోర్టుకెళ్లాడు. తర్వాత కోర్టు బయట రాజీ కుదిరింది. ఏళ్లు గడిచాక ఇద్దరూ కలిసిపోయారు. 2007లో అతను పోయే ముందు డాలీ వెళ్లి చూసి వచ్చింది.

పాప్ వైపు, మళ్లీ కొండల వైపు

1977 తర్వాతి భాగాన్ని నేను కాస్త వేగంగా దాటిస్తాను. 'హియర్ యూ కమ్ అగైన్' ఆమె రాసింది కాదు. కంట్రీ అభిమానులు తనను పరాయిదాన్ని చేస్తారేమోనని పట్టుబట్టి అందులో స్టీల్ గిటార్ పెట్టించింది, అది ఎక్కడ వస్తుందో పట్టుకోండి. 1983లో కెన్నీ రోజర్స్‌తో పాడిన 'ఐలాండ్స్ ఇన్ ద స్ట్రీమ్' బీజీస్ సోదరులు రాసింది. హాయిగా ఉంటుంది, అంతే.

'నైన్ టు ఫైవ్' మాత్రం వదలకూడదు. 1980లో అదే పేరుతో వచ్చిన సినిమా కోసం రాసింది. షూటింగ్ ఖాళీల్లో తన పొడుగాటి గోళ్లను ఒకదానితో ఒకటి రుద్దితే టైప్‌రైటర్ చప్పుడులా వచ్చిందట. ఆ దరువు మీదే పాట కట్టింది. ఆల్బమ్ మీద గోళ్లకు కూడా క్రెడిట్ ఇచ్చారు. చేసేది మనం, పేరు పైవాడికి అన్న గోడు దీంట్లో ఉంటుంది. ఆఫీసుకెళ్లే ఎవరికైనా పడుతుంది. సోమవారం ఉదయం ట్రాఫిక్‌లో నేను పెట్టుకునేది ఇదే.

చివరి అంచె నాకు చాలా ఇష్టమైంది. 1987లో లిండా రాన్‌స్టాట్, ఎమ్మీలూ హ్యారిస్‌లతో కలిసి చేసిన 'ట్రయో', ఆ తర్వాత 1999 నాటి 'ద గ్రాస్ ఈజ్ బ్లూ'. యాభై దాటిన గాయనుల పాటలు కంట్రీ రేడియోలో వెయ్యడం మానేశాక ఆమె వెనక్కి, చిన్నప్పటి సంగీతానికి వెళ్లింది. కొండల్లోని ఆ సంగీతాన్ని బ్లూగ్రాస్ అంటారు, అందులో డ్రమ్స్ ఉండవు. బాంజో, పిడేలు, మాండొలిన్, గిటార్, పెద్ద బేస్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కోసారి ఒక్కో వాద్యాన్నే వెంబడించండి. 'ట్రయో'లో మూడు గొంతుల్లో డాలీది ఏదో పట్టుకోవడం మరో మంచి సాధన. ఆమె గొంతు చివర సన్నగా వణుకుతుంది, అది గుర్తు.

ట్రిప్‌కు వచ్చినప్పుడు

ఐ-40 మీద 407వ ఎగ్జిట్ తీసుకుంటే ముందు సెవియర్‌విల్ వస్తుంది. అందరూ డాలీవుడ్ ఉన్న పీజన్ ఫోర్జ్ వైపు దూసుకుపోతారు. మీరు డౌన్‌టౌన్‌లోకి తిరిగి కోర్టు భవనం ముందు ఆగండి. రాతి మీద గిటార్‌తో, చెప్పులు లేని కాళ్లతో కూర్చున్న డాలీ కంచు విగ్రహం ఉంటుంది. 1987లో పెట్టారు. వాళ్ల నాన్న రాత్రిళ్లు బకెట్‌లో సబ్బునీళ్లు పట్టుకొచ్చి దాన్ని కడిగేవాడని ఆమె చెప్పింది.

డాలీవుడ్‌కు 1986లో ఆ పేరొచ్చింది. అంతకుముందు వేరే పేర్లతో నడిచిన పార్కులో ఆమె భాగస్వామి అయింది. రైడ్స్ కోసం క్యూలో నిలబడే ముందు రెండు చోట్లకు వెళ్లండి. ఒకటి, చిన్నప్పటి ఇంటి నమూనా. ఆ గదులు ఎంత ఇరుకో, అందులో అంతమంది ఎలా పడుకునేవాళ్లో పిల్లలకు చూపించండి. రెండు, డాక్టర్ థామస్ పేరు పెట్టిన చిన్న చర్చి. ఆల్బమ్ విని వచ్చినవాళ్లకు ఆ పేరు చూడగానే వెలుగుతుంది. 2024లో తెరిచిన మ్యూజియం కూడా అక్కడే ఉంది.

సమయం ఉంటే నాష్‌విల్ వెళ్లి ఆర్‌సీఏ స్టూడియో బి టూర్ తీసుకోండి. 'జోలీన్', 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' రికార్డు చేసింది ఆ గదిలోనే. ఆలస్యమైందన్న కంగారులో డాలీ కారుతో గోడను గుద్దిన చోటని గైడ్లు బయట ఒక గుర్తు చూపిస్తారు.

ఇక్కడ చిన్నపిల్లలతో ఉంటున్నవాళ్లు మరో పని చెయ్యాలి. తండ్రికి చదువు రాలేదన్న బాధతో డాలీ 1995లో తన సెవియర్ కౌంటీ పిల్లల కోసం ఇమాజినేషన్ లైబ్రరీ మొదలుపెట్టింది. పుట్టినప్పటి నుంచి అయిదేళ్లు నిండేదాకా నెలకో పుస్తకం పిల్లల పేరు మీద ఇంటికి పోస్టులో వస్తుంది, ఉచితంగా. ఇప్పటికి 20 కోట్ల పుస్తకాలు దాటాయి. టెనెసీలో అన్ని కౌంటీల్లోనూ ఉంది. ఇతర రాష్ట్రాల్లో మీ ప్రాంతానికి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో పిన్‌కోడ్ కొట్టి చూడండి. కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియాల్లో ఉన్నవాళ్లూ చూసుకోవచ్చు. ఆదాయం ఎంతని అడగరు. పిల్ల పేరు, పుట్టిన తేదీ, చిరునామా చాలు. మొదటి పుస్తకం రావడానికి రెండు నెలలు దాటవచ్చు, కంగారు పడొద్దు. మా పాపకు పుస్తకాలు వచ్చేటప్పుడు పోస్టుబాక్సు తాళంచెవి దాని చేతికే ఇచ్చేదాన్ని. తన పేరు అచ్చులో చూసి చూసి, అక్షరాల్లో అదే ముందు నేర్చుకుంది. ఇల్లు మారినప్పుడు చిరునామా మార్చడం మరిచిపోకండి, పుస్తకాలు పాత ఇంటికే పోతుంటాయి.

డాలీ అయ్యాక ఎవరిని వినాలని అడిగితే, లొరెట్టా లిన్. కెంటకీలో బొగ్గు గని కార్మికుడి కూతురు, 1932లో పుట్టి 2022లో పోయింది. ఆమె పాటల దగ్గర కూడా ముందు రచయిత పేరే చూడండి.